ముప్పయ్యో నంబరు

పదకొండో నంబరు డాక్టరు గదిలోకి వెళ్లేసరికి పన్నెండో నంబరు తలుపు దగ్గర నిలబడి ఉండాలి. పదమూడో నంబరు లేచి చెప్పులు వెతుక్కుంటూ ఉండాలి. కంటి ఆసుపత్రి రెండో అంతస్తు వరండాలో భీమశంకరరావు పెట్టిన పద్ధతి అది. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ముప్పైమూడేళ్లు, ఎర్రగా కాలిన ఇనపదిమ్మెకీ దిమ్మెకీ మధ్య ఖాళీ రాకుండా చూసుకున్న మనిషి. వరసలో ఖాళీ కనిపిస్తే ఇప్పటికీ కాళ్లు ఊరుకోవు.

ఆసుపత్రివాళ్లు వాలంటీర్లకిచ్చే లేత పసుపు కోటు అతనికి భుజాల దగ్గర బిగుతు. దసరా వెళ్లిన దగ్గర్నుంచీ వారానికి మూడు రోజులు భార్యాభర్తలిద్దరూ కూర్మన్నపాలెంలో పొద్దున్నే బస్సెక్కి వస్తున్నారు. భ్రమరాంబ కింద బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల పేరూ ఊరూ బాధా అడిగి గుండ్రటి అక్షరాలతో కాగితం మీద రాస్తుంది. ఒక్కొక్కరితో ఎక్కువసేపే మాట్లాడుతుంది. అతను మాత్రం పైన నడుస్తూనే ఉంటాడు.

మంగళవారం రెటీనా డాక్టరు ఉచితంగా చూసే రోజు. ముప్పై మందినే చూస్తాడు. ఒంటిగంటకి ఆపరేషన్లకి వెళ్లిపోతాడు.

ఆ మంగళవారం ముప్పయ్యో నంబరు జోగమ్మది. జాలరిపేట. అరవై దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. తొలి బస్సుకే వచ్చినా ఆమెకి ముందు ఇరవైతొమ్మిది మంది ఉన్నారు. కంట్లో మందు వేసే అమ్మాయి మధులత అందరితోపాటు ఆమెకీ మూడుసార్లు చుక్కలు వేసింది. కంటిపాప విచ్చుకోవడానికి వేసే చుక్కలవి. వేశాక రెండు మూడు గంటలు అంతా మసక, వెలుగు చూడలేరు. బెంచీ మీద అందరూ గోడకి తల ఆనించి కళ్లు మూసుకుని కూర్చున్నారు.

పన్నెండున్నరకి భీమశంకరరావు ఆమె కాగితం తిరగేశాడు.

"బీపీ రాయలేదేంటమ్మా? అది లేకపోతే డాక్టరుగారు చూడరు. ఈ వరండా చివర గదిలో చూపించుకుని రా."

"ఇప్పుడేటి బాబూ? కళ్లు మసకలు కమ్మీసినాయి. నానక్కడుండగా నా నంబరు పిలిసీస్తేనో?"

"నేనున్నానుగా. నీ నంబరు ఎక్కడికీ పోదు."

జోగమ్మ లేచింది. గోడమీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యినే ముందుకి జరుపుకుంటూ వెళ్లింది.

ఆమె లేచిన చోట భీమశంకరరావు తన వియ్యంకుణ్ణి కూర్చోబెట్టాడు. గురునాథరావుది కాకినాడ. అతనూ భార్య కుసుమకుమారీ ఆదివారం వచ్చారు. గురువారం మధ్యాహ్నం నలుగురూ కలిసి అరుణాచలం వెళ్లాలి. ఆదివారం భోజనాల దగ్గర గురునాథరావు, కుడికంట్లో ఏవో నల్లటి చుక్కలు తేలుతున్నాయన్నాడు. వియ్యంకుడు ఆ మాట అన్నాక ఊరుకోగలడా? మంగళవారం రండి బావగారూ, పెద్ద డాక్టరు, నేనున్నాను కదా అన్నాడు. తీరా పదకొండింటికి వాళ్లొచ్చేసరికి ముప్పై చీటీలూ అయిపోయాయి. చివర్లో ఖాళీ వస్తే చూద్దామని మధులతకి చెప్పి చుక్కలైతే వేయించాడు. అప్పట్నుంచీ గురునాథరావు తెల్లచొక్కా నలగకుండా కూర్చుని, మూసిన కళ్లతోనే అటూ ఇటూ తల తిప్పుతూ, "మీకు ఇక్కడ బాగా మన్నన ఉందండీ బావగారూ" అంటున్నాడు.

ఒంటిగంటకి పది నిమిషాలుందనగా నర్సు తలుపు తీసి "ముప్పై" అని పిలిచింది.

భీమశంకరరావు తలెత్తాడు. వరండా చివర బీపీ గది తెర కదిలింది. జోగమ్మ బయటికొచ్చింది. కిటికీలోంచి పడుతున్న ఎండకి ఒక చెయ్యి నుదుటిమీద అడ్డం పెట్టుకుంది. రెండో చెయ్యి గోడమీద ఉంది. పాదంతో నేల వెతుక్కుంటూ వస్తోంది. మధ్యలో పాతిక అడుగులుంటాయి.

"ముప్పై ఉన్నారా సార్? డాక్టరుగారు లేచిపోతున్నారు."

"లేరు" అన్నాడు భీమశంకరరావు. చెయ్యి అప్పటికే వియ్యంకుడి మోచేతిమీద ఉంది. "ఈయన్ని చూడమనండి. మావాళ్లే."

తలుపు మూసుకుంది. జోగమ్మ బెంచీ దాకా వచ్చి, తను కూర్చున్న చోటు తడుముకుని, ఖాళీగా ఉంటే కూర్చోకుండా నిలబడింది.

"నీ నంబరు పిలిచారమ్మా. నువ్వు లేవు" అన్నాడు అతను. "వచ్చే మంగళవారం రా. మొదటి నంబరు నేనిప్పిస్తాను."

ఆమె గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది. విచ్చుకున్న కంటిపాపలతో అతని గడ్డం దగ్గరెక్కడో కాసేపు చూసింది. చీటీ మడిచి రొంటిన దోపుకుంది.

"మెట్లెటు బాబూ?" అని మాత్రం అడిగింది.

మెట్లదాకా తీసుకెళ్లాడు. కిందకి కూడా దింపేవాడే. కానీ లోపల్నుంచి వియ్యంకుడు వచ్చేస్తాడేమోనని వెనక్కి వచ్చేశాడు.

*

గురునాథరావు కంట్లో ఏమీ లేదు. వయసుకి వచ్చే చుక్కలేనన్నాడు డాక్టరు. సాయంత్రం హాల్లో కూర్చుని కాకినాడలో తమ్ముడికి ఫోన్ చేసి చెబుతున్నాడు.

"పెద్ద డాక్టరు రా! చూడాలంటే తెల్లారగట్ల వచ్చి చీటీ తీసుకోవాలి. మా బావగారుండబట్టి అయింది. ఏడాదిపాటు ఒక్క రోజు ఖాళీగా కూర్చోలేదు తెలుసా? మాఘంలో కాశీ. వేసవంతా మధురవాడలో మా కోడలి దగ్గరే, పురిటికి ముందూ వెనకా. తర్వాత రామేశ్వరం. ఇప్పుడు ఈ సేవ. రిటైరైతే అలా ఉండాలి."

భీమశంకరరావు వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాడు. మామూలుగా అయితే ఆ మాటలు బాగుండేవి. లోపలికెళ్లి మంచినీళ్లు తాగాడు. గ్లాసు కడిగాడు. కడిగిన గ్లాసుతో మళ్లీ తాగాడు.

భ్రమరాంబ నేలమీద కూర్చుని ప్రయాణానికి కందిపొడి డబ్బాలోకి ఎత్తుతోంది.

"ఆ జాలరిపేట ఆవిడ్ని చూశారా?"

"ఎవరు?"

"ఎడమకంటికి పైనించి నల్లటి తెర దిగుతున్నట్టుంది అందండి. మూడు రోజులయిందిట. నేనే రాశాను. కుడికంటికి ముందునించీ చూపు ఆనదుట. మెరుపులు కూడా వస్తున్నాయంది. పొయ్యిలో ఉప్పు వేస్తే చిటపటలాడినట్టు అని చెప్పింది పాపం."

"వచ్చే వారం రమ్మన్నారు."

"డాక్టరుగారే అన్నారా?"

"ఆ."

ఆమె డబ్బా మూత బిగించి తుడిచింది. అతను బాల్కనీలోకి వెళ్లాడు. దూరంగా ప్లాంటు వైపు ఆకాశం ఎర్రగా ఉంది. షిఫ్టు బస్సు మలుపు తిరుగుతోంది. కాసేపు నిలబడి లోపలికొచ్చి, సర్దేసిన సూట్‌కేసు విప్పి మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు.

*

బుధవారం పొద్దున్న కోటు తొడుక్కుంటుంటే మధులత వచ్చింది. చేతిలో డాక్టరుగారి రిజిస్టరు ఉంది.

"సార్, ముప్పైలో మీ బంధువుగారి పేరుందేటి? ఆ జోగమ్మ పేరు లేదు?"

"పిలిస్తే లేదమ్మా ఆవిడ. బీపీకి వెళ్లింది."

"మీరే పంపినారు గదా సార్." నిలదీసినట్టు అనలేదు. గుర్తుచేసినట్టు అంది. "ఆవిడ కాయితం నాను చూసినాను. తెర దిగుతోందని అమ్మగారు రాసినారు. ఎలాగూ నిన్న చూసేస్తారు గదా అనుకున్నాను. అది రెటీనా ఊడడం సార్. గోడకి అంటించిన కాయితం ఓ మూల లేచి ఊడొచ్చీసినట్టు. నిన్న చూసుంటే నిన్న సాయంత్రమే ఆపరేషన్ పెట్టేసుందురు. నడిమధ్య దాకా ఊడిపోతే ఇంక ఆ కంటికి ఏటి చేసినా చూపు సరిగా రాదు."

"వచ్చే మంగళవారానికి?"

మధులత రిజిస్టరు మూసి, చుక్కలమందు సీసాలున్న ట్రే అందుకుంది.

అతను కిందకి దిగాడు. భ్రమరాంబ ముందు పెద్ద వరస ఉంది. ఆమెతో ఏమీ చెప్పకుండా నిన్నటి పుస్తకం తీసి చూశాడు. ఫోన్ అన్నచోట గీత. ఊరు అన్నచోట పెద జాలరిపేట. అంతే. "ఏం కావాలండీ?" అని ఆమె తలెత్తేసరికి గేటు దాటేశాడు.

జాలరిపేటలో పడవలు ఒడ్డుకొచ్చిన వేళ. ఇసకమీద వలలు పరిచి ఉన్నాయి. ఆడవాళ్లు తట్టల చుట్టూ గుమిగూడి పాట పాడుతున్నారు, చేపల వేలంపాట. భీమశంకరరావు ఒక్కొక్కరినే అడుగుతూ నడిచాడు. చెప్పుల్లో తడి ఇసక చేరింది.

"ఏ జోగమ్మ బాబూ? ఎండుసేపల జోగమ్మా, బోటు జోగమ్మా? ఈ పేటలో సగం మందిమి జోగమ్మలమే" అని ఒకామె నవ్వింది.

"కన్ను బాగోలేదు ఆవిడకి. నిన్న ఆసుపత్రికొచ్చింది."

నవ్వు ఆగింది. ఆమె అతని పసుపు కోటు కిందనించి పైదాకా చూసింది.

"మీ ఆసుపత్రేనా? తెల్లార్నించి కూకోబెట్టి సూడకుండానే పంపీసినారంట గదా. కొడుకు బోటుమీద ఎల్లినాడు, వారం దాకా రాడు. కన్ను కనబడకుండా ఒక్కర్తీ ఏటి సేత్తాది? యారాడలో సెల్లెలింటికి ఎలిపోనాది, నిన్న సాయంత్రమే."

కాస్త దూరం వచ్చాక అతను కోటు విప్పి మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు.

యారాడ వెళ్లాలంటే ఊరికి ఈ చివర్నించి ఆ చివరకి వెళ్లి, కొండెక్కి దిగాలి. బస్‌స్టాపులో నిలబడ్డాడు. ఫోన్ మోగింది. కూతురు ఆశాజ్యోతి.

"నాన్నా, ఎక్కడున్నారు? పిల్లాణ్ణి తీసుకుని మనింటికొచ్చాను. మామయ్యగారూ వాళ్లూ భోజనానికి మీకోసం చూస్తున్నారు. రేపు ప్రయాణం పెట్టుకుని ఏంటి నాన్నా?"

వచ్చిన బస్సు గాజువాక బస్సు. సింధియాలో దిగితే యారాడ ఆటోలు ఉంటాయి. అతను సింధియాలో దిగలేదు. రేపు పొద్దున్నే వెళ్తే సరిపోతుందని అనుకున్నాడు. ఇంటికెళ్లి, మనవణ్ణి ఎత్తుకుని, ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరుగుతూనే ఉన్నాడు. "కుదురుగా కూర్చోండి నాన్నా, వాడికి కళ్లు తిరుగుతాయి" అని కూతురు పిల్లాణ్ణి లాక్కుంది.

*

గురువారం పొద్దున్న ఏడింటికి చొక్కా వేసుకుని వంటింట్లోకి వచ్చాడు.

"యారాడ వెళ్లొస్తాను. రైలు పన్నెండున్నరకి కదా, సరాసరి దువ్వాడ స్టేషన్‌కి వచ్చేస్తాను."

"యారాడలో ఏముంది?"

"ఆసుపత్రి పని."

భ్రమరాంబ పొయ్యి తగ్గించింది. తిరిగి అతన్నే చూసింది. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేసి వెళ్లిపోయేవాడేమో. చెయ్యి గట్టుమీద పెట్టి నిలబడి, వరండా సంగతీ, బీపీ గది సంగతీ, మధులత చెప్పిందీ అంతా చెప్పేశాడు.

"ఆవిడ వస్తుండడం మీకు కనిపించింది" అంది భ్రమరాంబ.

"కనిపించింది."

"కనిపించే లేరన్నారు."

"మరేం చెయ్యను? వియ్యంకుడాయె. కన్ను బాగోలేదని ఆయన నోరు తెరిచి అడిగితే కాదంటానా?"

"నేనడిగానా బావగారూ?"

కాఫీ గ్లాసు పట్టుకుని గురునాథరావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో తెలీదు. గ్లాసు నెమ్మదిగా గట్టుమీద పెట్టాడు.

"చుక్కలు తేలుతున్నాయన్నాను. రమ్మన్నది మీరు. చీటీలు అయిపోయాయంటే పోనీ వెళ్లిపోతానన్నాను కూడా, గుర్తుందా? ఖాళీ ఉందనుకుని లోపలికెళ్లాను. అది ఇంకో మనిషి చోటని ఒక్క ముక్క చెప్పుంటే లేచి నిలబడేవాణ్ణి కానా? నాకేం తొందరండీ?"

కోపంగా అనలేదు. ఆ మాట అంటూ కుడికన్ను అరచేత్తో మూసుకున్నాడు. తర్వాత మెల్లగా హాల్లోకి వెళ్లిపోయాడు.

రెండు రోజులుగా మోస్తున్న ఆ ఒక్క సాకూ పోయాక భీమశంకరరావుకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"వెళ్లండి" అంది భ్రమరాంబ. "స్టేషన్‌కి అందుకోగలిగితే రండి. లేకపోతే నేను వెళ్తాను."

"ఒక్కదానివా?"

"ఒక్కదాన్నేంటి, వదినగారూ అన్నయ్యగారూ ఉన్నారు. నా టిక్కెట్టు నాకుంది." పొయ్యి మళ్లీ పెంచింది. "ఆవిడ దగ్గర మాత్రం ఆసుపత్రి పని అనకండి."

*

ఆటో కొండమీంచి దిగుతుంటే యారాడ సముద్రం ఒక్కసారిగా కనిపించింది. అతను దాన్ని చూడలేదు. ఊళ్లో రెండు చోట్ల అడిగితే ఇల్లు చూపించారు. ముందు తాటాకు పంచ. పంచలో గోనెమీద జోగమ్మా ఆమె చెల్లెలూ ఎదురెదురుగా కూర్చుని నెత్తళ్లు బాగుచేస్తున్నారు. వేలెడేసి చేపలు, వెండిరంగు గుట్ట. చెల్లెలు చూసి చేస్తోంది. జోగమ్మ మొహం రోడ్డువైపు పెట్టి, వేళ్లతోనే చేప తల తుంచి, ఆ లాగుడుతోనే పొట్టలోది బయటికి తీసి, చేప ఒకవైపూ తల ఒకవైపూ పడేస్తోంది.

"జోగమ్మా" అన్నాడు.

వేళ్లు ఆగాయి.

"లేరన్నోడివి గదా నువ్వు" అందామె.

చెల్లెలు ఇద్దరివైపూ చూసింది.

"ఆ మందుకి కళ్లు మసకేసినాయి గానీ సెవులు బాగానే ఉన్నాయి బాబూ. నాను గోడట్టుకుని వస్తన్నాను. నా నంబరు పిలవడం ఇన్నాను. వస్తన్నానని కేకేద్దుననుకున్నాను. ఈలోగా నీ గొంతు ఇన్నాను."

"తప్పు చేశానమ్మా. మావాళ్లని లోపలికి పంపించాను."

"ఆయనకేటి, కన్ను పోనాదా?"

"లేదు. ఏమీ లేదన్నారు."

"మంచిదే." మళ్లీ చేప అందుకుంది. "నాకు నిన్నటికి తెర నడిమికొచ్చీసింది. ఇప్పుడు నువ్వు నాకు నడుం కాడనించి కిందకే అగుపిస్తన్నావు."

భీమశంకరరావు ఆ గోనె అంచున కూలబడ్డాడు. "అందుకే వచ్చాను. ఇవాళే వెళ్లాలి. ఆలస్యమైతే ఆ కన్ను దక్కదంటున్నారు. లే అమ్మా, ఆటో ఉంది."

"నాను రాను."

"నీ కాళ్లు పట్టుకుంటాను."

"నా కాళ్లెందుకు నీకు? మళ్లీ ఆడికొస్తాను. మళ్లీ బెంచీమీద కూకోబెడతావు. మళ్లీ ఎవులో నీవోల్లొస్తారు. నాను నేదని నువ్వంటే ఆల్లు నీ మాటింటారా, నా మాటింటారా?"

"నేను కోటు వేసుకోను. నీ పక్కనే కూర్చుంటాను. నిన్ను పిలిచేదాకా లేవను."

జోగమ్మ చేప తల తుంచింది, పడేసింది. మరో చేప. చెల్లెలు, "ఎల్లే అక్కా, ఇయి నాను సూసుకుంటాను. కన్నే కన్ను" అని చిన్నగా అంది.

"ఈ గుట్టవ్వనీ. ఎండ పోతే పాడైపోతాయి" అంది జోగమ్మ. తర్వాత అతనివైపు, "నన్నెంతసేపు కూకోబెట్టినావు? పొద్దున్నించి ఒంటిగంట దాకా. నువ్వూ కూకో" అంది.

అతను టైము చూసుకున్నాడు. తొమ్మిదిన్నర. ఇప్పుడు కదిలితే ఆమెని ఆసుపత్రిలో దింపి స్టేషన్‌కి పరిగెత్తొచ్చు. లేచి ఆటోదాకా వెళ్లి, ఆగమని చెప్పి వచ్చాడు. మళ్లీ లేవబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. భయపడుతున్న మొహమది. ఇంతసేపూ కోపమే అనుకున్నాడు. వేళ్లు చకచకా ఆడుతున్నాయి గానీ దవడ బిగుసుకుపోయి ఉంది.

చొక్కా చేతులు పైకి మడిచి ఒక నెత్తలు అందుకున్నాడు. తల తుంచాడు. తలొక్కటే వచ్చింది. పొట్ట లోపలే ఉండిపోయింది. పడేసిన చేపని జోగమ్మ తడిమి చూసి, అతని ఒళ్లోకే తిప్పి కొట్టింది.

"పొట్ట రానేదు."

రెండోదీ తిరిగొచ్చింది. చెల్లెలు నవ్వాపుకుంటూ చూపించింది, బొటనవేలు ఎక్కడ పెట్టాలో, ఎలా వంచి లాగాలో. పదో చేపకో పన్నెండో చేపకో జోగమ్మ తడిమి, ఏమీ అనకుండా గుట్టలో కలిపేసింది. ముగ్గురూ మాట్లాడకుండా పని చేశారు. గుట్ట సగమయ్యేసరికి ఆమె తనంతట తనే చేతులు కడుక్కుని లేచింది.

"ఆటో ఏ పక్కనుంది?" అంది.

మోచెయ్యి పట్టుకోబోయాడు. ఆమె విదిలించుకుని అతని భుజమ్మీద చెయ్యి వేసింది. "నువ్వు ముందు నడు."

*

డాక్టరు ఆపరేషన్లలో ఉన్నాడు. మధులత జోగమ్మని చూసి, పరిగెత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. "బయటికొచ్చినప్పుడు అడుగుతాను సార్. కానీ మంగళారం ఎందుకు చూపించలేదని ఆయన అడుగుతారు" అంది.

"నేను చెబుతాను."

రెండు గంటలు కూర్చున్నారు. అతను లేవలేదు. పన్నెండున్నర దాటింది. ఒంటిగంట దాటాక డాక్టరు మాస్కు గడ్డం కిందకి లాక్కుంటూ బయటికొచ్చాడు. ముప్పయ్యయిదేళ్లుంటాయి. కాగితం చదివి అదే ప్రశ్న అడిగాడు. భీమశంకరరావు నిలబడి చెప్పాడు. జోగమ్మ పక్కనే ఉంది. పిలిచినప్పుడు ఆవిడ లేదని చెప్పి ఊరుకోవచ్చు. "వస్తుండగా చూశాను. చూసే లేరన్నాను. ఆ రోజు మీరు చూసినాయన మా వియ్యంకుడు" అన్నాడు.

డాక్టరు జోగమ్మని చీకటిగదిలోకి తీసుకెళ్లి పావుగంట చూశాడు. బయటికొచ్చి, "రేపు పొద్దున్న మొదటి ఆపరేషన్ ఈమెది. నడిమధ్యకి వచ్చేసింది, కానీ నిన్ననే వచ్చింది. చూపు ఎంత మిగులుతుందో అతికించాకే చెప్పగలను" అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "మీరా కోటు ఆఫీసులో ఇచ్చేయండి."

ఆఫీసులో గుమాస్తా సంతకం పెట్టించుకుని కోటు బీరువాలో పెట్టాడు. మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. వెనక రైలు చప్పుడు.

"చూశారా డాక్టరుగారు?" అంది భ్రమరాంబ.

"రేపు ఆపరేషన్."

"హమ్మయ్య." అందామె. "తుని వచ్చిందండి. కిటికీ దగ్గర నేనే కూర్చున్నాను. రైలు ఆగితే నువ్వు దిగకు, నీళ్లు నేను తెస్తాను, సామాను చూడు అనేవాళ్లు లేరు కదా. హాయిగా ఉంది. ఇన్ని తాటిచెట్లున్నాయని నాకు తెలీదు."

ఆమె ఎత్తిపొడవడం లేదని అతనికి తెలిసింది. అందుకే ఇంకొంచెం కష్టంగా అనిపించింది.

"బావగారు?"

"నిద్రపోతున్నారు. ఆవిడకి ఎలా ఉందో కనుక్కోమని మాత్రం రెండుసార్లు అన్నారు."

*

శుక్రవారం పొద్దున్న ఏడింటికి జోగమ్మకి ఆసుపత్రి ఆకుపచ్చ గౌను తొడిగారు. యారాడనుంచి చెల్లెలు ఇంకా రాలేదు, తొలి బస్సు తప్పిపోయిందట. కొత్త నర్సు కాగితం పట్టుకుని వచ్చింది.

"తోడు ఎవరమ్మా? సంతకం పెట్టాలి. ఈయనేనా? ఏమవుతారు నీకు?"

భీమశంకరరావు నోరు తెరిచాడు.

"ఏటీ కాడు" అంది జోగమ్మ. కాసేపాగి, "తెలిసినోడని రాసుకో" అంది.

అతను సంతకం పెట్టాడు.

"ఒంటిమీద బంగారం ఏమీ ఉండకూడదు. తీసి ఆయనకిచ్చెయ్" అని నర్సు వెళ్లింది.

జోగమ్మ ముక్కు మధ్య వేలాడే అడ్డబాస తీసింది. రెండు ముక్కుపుడకలూ, చెవికమ్మలూ తీసింది. కమ్మ మర ఒకటి రాకపోతే చాలాసేపు తిప్పింది. అతను సాయం చేస్తాననలేదు. అన్నీ గుప్పిట్లో పెట్టుకుని, చెల్లెలు వస్తుందేమోనని తలుపువైపు చెవి పెట్టి కూర్చుంది. మెట్లమీద అడుగులు వినిపించినప్పుడల్లా తల కొంచెం ఎత్తింది. ఎవరూ రాలేదు. చక్రాల కుర్చీ వచ్చింది.

"సెయ్యి తే" అంది.

అతను చాచిన అరచేతిలో గుప్పిట విప్పింది. తన వేళ్లతోనే అతని వేళ్లు మూసింది.

"ఐదున్నాయి. నానొచ్చేదాకా లేచి తిరక్కు."

"తిరగను."

ఆమెని తోసుకెళ్లారు. అతను బెంచీమీద కూర్చున్నాడు. వరండాలో జనం పెరిగారు. ఎవరో పసుపు కోటు వేసుకున్న కొత్తాయన నంబర్లు కలిపేసి పిలుస్తున్నాడు. ఒక ముసలాయన వేరే తలుపు దగ్గర నిలబడ్డాడు. భీమశంకరరావు మోకాళ్లు రెండుసార్లు కదిలాయి. గుప్పిట్లో కమ్మ మొన అరచెయ్యికి గుచ్చుకుంటోంది. పట్టు సడలించలేదు.

తొమ్మిదింటికి చెల్లెలు ఆయాసపడుతూ వచ్చింది. సంగతి విని, "ఇలాగియ్యండి బాబూ, నానుంచుతాను. మీరు టీ తాగిరండి" అంది.

"ఆవిడ చేతికే ఇస్తాను" అని అతను పక్కకి జరిగి చోటిచ్చాడు.

పదిన్నరకి డాక్టరు తలుపు సందులోంచి చెల్లెలికి చెప్పాడు. అతికింది. చూపు సగానికి పైగా వస్తుందనుకుంటున్నాను. పది రోజులు తల దించుకునే ఉండాలి, పడుకున్నా బోర్లానే పడుకోవాలి. లోపల గాలి నింపాం, అది రెటీనాని అదిమి పట్టాలి.

జోగమ్మని తీసుకొచ్చారు. ఎడమకంటికి కట్టు. గడ్డం గుండెకి ఆనేలా తల వంచి ఉంది. చెల్లెలు ఏడుస్తూ వీపు నిమిరింది. జోగమ్మ తల ఎత్తకుండానే చెయ్యి చాచింది. భీమశంకరరావు ఆ చేతిలో గుప్పిట విప్పాడు. ఆమె ఒక్కొక్కటే వేళ్లతో తడిమి చూసుకుంది. అడ్డబాస, ముక్కుపుడకలు, కమ్మలు. చెల్లెలి చేతిలో పెట్టింది.

"రేపు కట్టు ఇప్పుతారంట" అంది నేలవైపే చూస్తూ. "ఎనిమిదింటికి."

తనతో అన్నదో చెల్లెలితో అన్నదో తెలియక అతను చెల్లెలివైపు చూశాడు.

"నీకే సెప్తన్నాను" అంది జోగమ్మ. "ఆలీసం సెయ్యకు."